ఫ్రేముకు అడ్డొచ్చిన నీలం రేకు

మా తోడల్లుణ్ణి నేను ఫ్రేమయ్య అంటాను. ఎదురుగా అనను, మా ఆవిడ ఊరుకోదు. నా బతుకు వీధిన పడటానికి కారకులెవరని అడిగితే మున్సిపల్ ఆఫీసువాళ్ల మాట తర్వాత చెబుతాను, అద్దాల మేడవాళ్ల మాట ఆ తర్వాత చెబుతాను. ముందు ఫ్రేమయ్య పేరే చెబుతాను. వాళ్లూ నా కడుపు కొట్టారు, కాదనను. కానీ కొట్టే ముందు "కొంచెం ఎడమకి జరగండి అన్నయ్యా" అని నాచేతనే సర్దించలేదు.

ఫ్రేమయ్య మా ఆవిడ చెల్లెలి మొగుడు. బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, మా నాన్న పక్కన కూర్చుని ఆకురాయి పట్టినవాణ్ణి. మారు తాళంచెవులు చేస్తాం. నాన్న పోయాక "చేస్తాను" అనాలి, అలవాటు పోలేదు.

మా దుకాణం వీధి మలుపులో ఉండేది. తర్వాత దాని పక్కనే పద్నాలుగు అంతస్తుల అద్దాల మేడ లేచింది. మేడ మేనేజరుకి కార్లు తిరిగే దారి వెడల్పు చేయాలని కోరిక. ఆ వెడల్పులో సరిగ్గా నేను కూర్చునేవాణ్ణి. రెండుసార్లు నా మీద ఆఫీసుకి అర్జీ పెట్టాడు. రెండుసార్లూ మనుషులొచ్చి, తలుపు పైన ఉన్న నీలం రేకు చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు. వీధి మీద దుకాణం పెట్టుకోవడానికి ఆఫీసు ఇచ్చిన అనుమతి ఆ రేకే. నీలం మీద తెల్ల అంకెలు, రెండు వందల పద్నాలుగు. నాన్న బిగించిన రోజు నుంచీ అది ఎండకీ వానకీ కదల్లేదు. అది ఉన్నంతకాలం నన్ను కదిపేవాడు లేడు.

ఫ్రేమయ్యకి యాభై దాటాక ఫొటోల పిచ్చి పట్టింది. ఫోన్లో ఎవరో గురువు పాఠాలు చెబుతాడట. సాధన మాత్రం ప్రయాణాల్లోనే చేయాలట, సొంత ఊళ్లో కన్ను మొద్దుబారిపోతుందట. అందుకని నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఊరొచ్చాడు. వాళ్ల ఊరి నుంచి మూడు గంటల రైలు. మూడు గంటలు కూర్చుంటే పదునెక్కే కన్ను ఇంట్లో ఎందుకు మొద్దుబారిందో మా మరదల్ని అడగాలి.

రోజుకో జంట తీయాలని గురువు చీటీ రాసిచ్చాడు. గరుకు, నునుపు. గుంపు, ఒంటరి. వంకర, తిన్నన. పాత, కొత్త. ఒకే ఫొటోలో రెండూ ఉండాలి, ఒకదాన్నొకటి వెక్కిరించాలి.

"మా మరిదికి ఊరు తెలియదు, తోడు వెళ్లండి" అంది మా ఆవిడ.

"దుకాణమో?"

"నాలుగు రోజులు తాళాలు పోకపోతే జనం చచ్చిపోరు."

ముక్కాలి స్టాండు నా భుజానికెక్కింది. మొదటిరోజు రైల్వే స్టేషన్లో తళతళలాడే స్టీలు గొట్టం దొరికింది. నునుపు కుదిరింది. గరుకు కోసం అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు చూశాడు.

"అన్నయ్యా, మీ అరచెయ్యి ఒకసారి దానిమీద పెట్టండి. అబ్బ! ఏం చెయ్యి అన్నయ్యా! గోడ కూడా ఇంత బాగా రాదు."

రెండోరోజు గుంపు మెట్ల మీద దొరికింది. ఒంటరి నేను. "బెంచీ చివర కూర్చోండి. సంతోషంగా ఉండకండి" అన్నాడు. ఆ విషయంలో నాకు సాధన అక్కర్లేదు. మూడోరోజు తిన్ననిది వంతెన. వంకరది ఏమిటో వేరే చెప్పాలా? స్టాండు మోసి మోసి నా నడుమే వంగింది.

నడుస్తూ నడుస్తూ నాకూ పాఠం చెప్పేవాడు. "తెరని నిలువుగా, అడ్డంగా తొమ్మిది గళ్లు చేసుకోవాలి అన్నయ్యా. మనిషిని నడి గడిలో పెట్టకూడదు. గీతలు కలిసే చోటికి తోసేయాలి."

"నన్ను నడి గడిలో ఎవరు పెట్టారులే" అన్నాను.

"అదే మీలో నాకు నచ్చేది!" అన్నాడు, సంబరంగా.

సాయంత్రాలు మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటోలన్నీ చూసేది. "ఎంత బాగా పడ్డారండీ! చెయ్యి అచ్చం ఎండిన చెక్కే. ఇన్నేళ్లలో మీరు నాకు ఒక్క ఫొటో అయినా తీశారా?" ఆ ప్రశ్న మళ్లీ రాకుండా మర్నాడు కూడా స్టాండు మోశాను.

నాలుగోరోజు పాత, కొత్త. ఫ్రేమయ్య నా దుకాణానికి ఎదురుగా నిలబడి, రెండు చేతుల వేళ్లతో చదరం చేసి, ఒక కన్ను మూశాడు.

"కుదిరింది అన్నయ్యా! అటు అద్దాలు, ఇటు మీరు. కానీ మీ తలుపు కొత్తగా ఉంది."

"పసుపు రంగేసి రెండు నెలలే అయింది."

"గోనెపట్టా ఉందా?"

పసుపు రంగు మీద గోనెపట్టా వేలాడదీశాం. తాళంచెవుల వరసలు చెదరగొట్టాం. నేను తల దువ్వుకుని నిలబడితే వచ్చి చెరిపేశాడు. మళ్లీ చదరం, మళ్లీ ఒక కన్ను.

"ఆ నీలం రేకు అడ్డొస్తోంది. చూపంతా అదే లాగేస్తోంది."

"లాగాలనేగా పెట్టింది. ఆఫీసువాళ్ల రేకు అది. తీయను."

"పది నిమిషాలు అన్నయ్యా. అటు మేడకి పేరుంది, గేటుంది, కాపలా ఉంది. ఇటు దుకాణానికి ఏ ఆనవాలూ ఉండకూడదు. అప్పుడే జాలి పుడుతుంది."

"నామీద జాలెందుకయ్యా? నేను బాగానే ఉన్నానుగా?"

"మీమీద కాదు, ఫొటోమీద. మీ మొహం సరిగ్గా గీతలు కలిసే చోట వస్తుంది. ఇక మీ ఇష్టం."

నా మొహం ఎక్కడైనా సరిగ్గా వస్తుందని ఎవరైనా అనడం అదే మొదటిసారి. స్క్రూడ్రైవర్ నేనే తీశాను. స్టూలు నేనే ఎక్కాను. నాన్న బిగించిన నాలుగు మరలూ నా చేత్తోనే విప్పాను. రేకు వెనకవైపు తుప్పు కింద ఏవో చిన్న అక్షరాలు కనిపించాయి. చదువుదామని బొటనవేలితో రుద్దుతున్నాను.

"వెలుగు పోతోంది అన్నయ్యా!"

రేకు జేబులో పడేసి, ఆనవాలు లేనివాడిలా నిలబడ్డాను. పది నిమిషాల తర్వాత తిరిగి బిగించాను. మరల్లో మూడే దొరికాయి.

రెండు నెలలకి ఫొటోల పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. 'నిన్న, నేడు' అని పేరు పెట్టాడు. పోటీ జరిగిన హాల్లో చూసిన అద్దాల మేడవాళ్లు, తమ మేడ ఇంత ఠీవిగా మరెక్కడా పడలేదని మెచ్చుకుని ఒక ప్రతి అడిగి తీసుకున్నారు. మా ఆవిడ ఇరుగుపొరుగు వాళ్లందరికీ చెప్పుకుంది. నేనూ చెప్పుకున్నాను, దాచడమెందుకు. తాళంచెవి చేయించుకోవడానికి వచ్చినవాళ్లకి ఫోన్లో చూపించి మరీ చెప్పాను.

మేనేజరు మూడో అర్జీ పెట్టాడు. ఈసారి ఫొటో జతచేశాడు.

ఆఫీసు నుంచి వచ్చిన సర్వేయరు ఆ ఫొటో పట్టుకుని నిలబడ్డాడు.

"రేకేదీ?"

"మీ నెత్తి మీదే ఉంది సార్."

అతను తలెత్తలేదు. ఫొటోలోనే వెతికాడు. "ఇందులో లేదే."

"ఫొటో కోసం తీశాను సార్. మళ్లీ పెట్టేశాను."

"ఎవరు తీశారు?"

"నేనే."

"ఎవరు తీయమన్నారు?"

"మా తోడల్లుడు."

"ఆయన మా ఆఫీసులో చేస్తాడా?"

"లేదు సార్. అడ్డొస్తోందన్నాడు."

నా స్క్రూడ్రైవరే అడిగి పుచ్చుకుని రేకు విప్పించాడు. వెనక తుప్పు గీకి నాకు చూపించాడు. 'ఈ రేకును తొలగించిన యెడల అనుమతి రద్దగును' అని ఉంది.

"చదవలేదా?"

"బిగించి ఉన్న రేకు వెనక ఎలా చదువుతాను సార్?"

"తీసినప్పుడు చదవొచ్చుగా!"

అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా చెప్పుకోమన్నాడు. ఆ ఫొటో తీసినవాడు, రేకు తానే తీయించానని ఒక్క ముక్క రాసిస్తే ఆలోచిస్తారట. ప్రాణం లేచొచ్చింది. అక్కడే నిలబడి ఫ్రేమయ్యకి ఫోన్ చేశాను.

అంతా విన్నాడు.

"అలా రాయకూడదు అన్నయ్యా."

"ఏం? అబద్ధమా?"

"నిజమే. అదే ఇబ్బంది. ఉన్నదాన్ని ఉన్నట్టు తీశానని సంతకం పెట్టాను. ఏదీ కదపకూడదని పోటీలో నియమం. రేకు తీయించానంటే బహుమతి వెనక్కి లాక్కుంటారు. గురువుగారి దగ్గర తలెత్తుకోలేను."

"నా దుకాణం పోతుందయ్యా!"

"మీరు కంగారుపడకండి. వాళ్లు కూల్చేటప్పుడు మాత్రం ఒక్కరోజు ముందు చెప్పండి. నేనొచ్చి అదే చోటి నుంచి తీస్తాను. 'ముందు, తర్వాత' అని మంచి జంట అవుతుంది."

చెప్పలేదు. పదహారోరోజున కూల్చారు. అద్దాల మేడకి అదొక గంట పని. మా ఆవిడ చెల్లెలితో మాట్లాడటం మానేసింది, మూడు వారాలు. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. అక్కచెల్లెళ్ల మధ్య నేనెవర్ని? ఇప్పుడు ఇంటి మెట్ల మీద పెట్టె తెరుచుకుని కూర్చుంటున్నాను. మా సందులోకి తాళం పోగొట్టుకున్నవాడు దారి తప్పితే తప్ప రాడు.

మొన్న అద్దాల మేడ నుంచే కబురొచ్చింది. సామాన్ల గది తాళంచెవి పోయిందట. వెళ్లాను. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి, "ఇంతకుముందు ఇక్కడే పక్కన ఒకాయన ఉండేవాడండీ, కేకేస్తే వచ్చేవాడు. ఎటు పోయాడో పాపం" అంది. ఆమె వెనక గోడంతా నేనే ఉన్నాను. చెరిగిన జుట్టు, గోనెపట్టా, గీతలు కలిసే చోట మొహం. కింద ఇత్తడి ముక్క మీద రాసి ఉంది: 'ఒక అనామక పనివాడు.' ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో భోజనం చేస్తున్నాడు ఫ్రేమయ్య.

తాళం పని అయ్యాక నా సంచిలో టేపు తీసి ఆ ఫొటో కొలిచాను. అమ్మాయి నన్ను మరమ్మతు మనిషి అనుకుంది. ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. నలభై ఎనిమిది చదరపు అడుగులు.

నా దుకాణం అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు. పోయింది ముప్పై అయిదు.