మాట పోయిన బొమ్మ

“ఒడిబియ్యం కలిపినంక ఆడపిల్లను సినిమాకు తోలుకపోతరా ఎవరన్న? నేనైతే ఎక్కడ సూడలే,” అంది బుచ్చమ్మ మళ్ళీ. పొద్దున్నించీ ఇదే పేచీ.

“అల్లుడు నోరు తెరిచి అడిగిండవ్వా. రేపు పిల్లను తోలుకపోయేటోడు. కాదని ఎట్లంట?” కొడుకు బాలనర్సయ్య తలగుడ్డ చుట్టుకుంటూ అన్నాడు.

“నీ అల్లుడు దుంకమంటే బాయిల దుంకుతవా?”

సత్తెమ్మ అత్తకూ మొగుడికీ మధ్య కూర్చుని, పసుపు కలిపిన బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు సర్దుతోంది. రేపు కూతురి ఒడిలో పోసి అత్తవారింటికి సాగనంపాల్సిన బియ్యం అవి. పోశాక ఇక పిల్ల పుట్టింట్లో ఆగడానికి లేదు.

“పోదామమ్మా,” అంది కూతురు భూలక్ష్మి తల ఎత్తకుండానే. “పోకుంటే ఆయనకు మంచిగనిపియ్యది.”

సత్తెమ్మకు ముచ్చటేసింది. మొగుడి మనసు ఎంత బాగా ఎరిగింది పిల్ల!

అల్లుడు వీరేశం అంటే సత్తెమ్మకు ఒక గొంతు, అంతే. అల్లుడి ఎదుట అత్త నిలబడే ఆచారం ఆ ఇంట్లో లేదు. అతను అరుగెక్కితే ఆమె ముసుగేసుకుని తలుపు చాటుకు పోవాలి. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇద్దరినీ ఒక్కచోట కళ్ళారా చూసింది లేదు. విన్నదే. “భూలక్ష్మీ, జర మంచినీళ్ళు తెస్తవా?” అనే మెత్తని గొంతు, “తెస్తున్న” అనే కూతురి గొంతు. కసురు లేదు, విసురు లేదు. ఎవరడిగినా “మా అల్లుడు గట్టిగ మాట్లాడడు” అని మురిసిపోతూ చెప్పుకునేది.

చివరికి బుచ్చమ్మ గొణుక్కుంటూ ఇంట్లో ఉండిపోయింది. తక్కినవాళ్ళు తెల్లాపూర్ నుంచి బండి కట్టుకుని లింగంపల్లి పోయారు, సత్తెమ్మ ముసుగు దించకుండానే. రజాకార్ల గడబిడలో మూతపడ్డ ఒక గోదామును, పోలీసు చర్య తర్వాత ఎవరో తెరిచి పగటిపూట సినిమాలు ఆడిస్తున్నారు. కిటికీలకు గోనెలు కట్టి చీకటి చేశారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య గుడ్డ తెర వేలాడదీశారు.

బొమ్మలో ఒక మొగుడు, ఒక పెళ్ళాం. అతని మాట ఎంత నిదానం! “మనిషంటే గట్లుండాలె,” అంది పక్కనామె. సత్తెమ్మ కూతురి వైపు చూసి నవ్వింది.

అంతలో గరగరమని చప్పుడై మాట ఆగిపోయింది. మగవాళ్ళు ఈలలేశారు, బెంచీలు బాదారు. యంత్రం తిప్పేవాడు మాత్రం ఆపలేదు. బొమ్మ మూగగానే నడిచింది.

అదే మొగుడు మళ్ళీ గదిలోకి వచ్చాడు. నవ్వుతూ ఏదో అంటున్నాడు. పెళ్ళాం చేతిలో దీపం. అతను ఒక అడుగు వేశాడు, ఆమె దీపాన్ని రెండో చేతికి మార్చుకుంది. ఇంకో అడుగు వేశాడు, ఆమె వీపు గోడకు ఆనింది. అతను కండువా సర్దుకోవడానికే చెయ్యెత్తాడు. ఆమె మెడ భుజాల్లోకి కుంగిపోయింది.

ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అయినా సత్తెమ్మ ముందుకు వంగి చూసింది. మాట వినపడ్డంతసేపూ ఇదంతా తన కంటికి ఆననేలేదు!

అప్పుడే గుడ్డ తెర పక్కకు జరిగి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. వీరేశం చెయ్యి, అందులో పల్లీల పొట్లం.

భూలక్ష్మి మోచెయ్యి ఠక్కున లేచి చెవిని కప్పుకుంది. మరుక్షణం దించేసింది. పొట్లం అందుకుని, “పల్లీలమ్మా, తిను,” అంది నవ్వుతూ.

సత్తెమ్మ పల్లీలు ముట్టలేదు. ఆ తర్వాత బొమ్మలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

ఇంటికి చేరాక వీరేశం అరుగు మీద కూర్చున్నాడు. సత్తెమ్మ చాటుకు పోలేదు. గడపలో నిలబడి ముసుగు వెనక్కి తీసింది.

“ఏమే, అల్లుని ముంగట గట్ల నిలబడ్డవేంది? లోపటికి రా!” బుచ్చమ్మ గదిమింది. సత్తెమ్మ కదలలేదు.

“భూలక్ష్మీ, జర మంచినీళ్ళు తెస్తవా?” అదే గొంతు.

“తెస్తున్న.” అదే జవాబు.

భూలక్ష్మి చెంబు తెచ్చింది. చేతికివ్వలేదు. దూరంగా పెట్టి, వెంటనే వెనక్కి జరిగింది. అతను దండెం మీది తువ్వాల కోసం చెయ్యెత్తాడు. పిల్ల మెడ కుంగింది. అతను అది చూశాడు. చూసి, చేతిని కావాలనే ఇంకాసేపు గాలిలోనే ఉంచి, చిన్నగా నవ్వాడు.

సత్తెమ్మ కూతురిని వంటింట్లోకి తీసుకుపోయి చెవి మీది వెంట్రుకలు తొలగించింది. వెనక, సరిగా మానని గాటు.

“ఎప్పటిసంది బిడ్డా?”

“ఏం లేదమ్మా.” గొంతు వణకలేదు. చేతులు మాత్రం తల్లి కొంగును పట్టుకుని వదలలేదు.

అన్నాల వేళకు మగవాళ్ళు పీటల మీద కూర్చున్నారు. బుచ్చమ్మ గోడకు చేరగిలబడింది. సత్తెమ్మ పసుపు బియ్యం చేట తెచ్చి అందరి మధ్యా పెట్టింది. ముసుగు లేదు. కుడుకలూ ఖర్జూరాలూ ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగింది.

“ఏందే గిట్ల చేస్తున్నవు? పొద్దుగాల పోసేటియి కదా అవి?” బాలనర్సయ్య బిత్తరపోయాడు.

“ఈ బియ్యం రేపు మనింట్లనే వండుత,” అంది సత్తెమ్మ, కూర వడ్డించనా అని అడిగినంత మెల్లగా. “పిల్ల పోదు.”