ఈగల వంటావిడ

మొక్కజొన్న పిండి అడుగంటకుండా గెన్యా పొడుగాటి గరిటెతో కలుపుతూనే ఉంది. బెల్లపు మడ్డి, ఈస్టు కలిసిన ఆవిరి ఆమె కళ్ళజోడును కమ్మేసింది. పొట్టి మనిషి, మోకాళ్ళు వాచాయి, నడుం ఒక పక్కకు ఒరిగింది. షికాగోలోని ఆ ప్రయోగశాలలో పరిశోధన కోసం పెంచే పండు ఈగలకు మేత వండి సీసాల్లో పోయడం ఆమె పని.

పోలండ్ నుంచి వచ్చిన కొత్తలో, కడుపుతో ఉండగానే, ఆవిరి లాండ్రీలో ఇస్త్రీలు చేసింది. పుట్టిన కొడుకు తాదెక్‌కు ఎడమ కన్ను సగం మూసుకుపోయి, మీద కండ పెరిగి ఉంది. రెండో చలికాలం దాటలేదు వాడు. ఆ వేడిలో నిలబడి బిడ్డను పాడుచేశావని భర్త జెనన్ అప్పటి నుంచీ దెప్పుతూనే ఉన్నాడు.

సీసాలు ఇవ్వడానికి వెళితే, పరిశోధకురాలు హెడ్డీ మైక్రోస్కోపులో చూడమంది. ఈగ ఎర్రటి కంట్లోంచి చిన్న కండ పొడుచుకొచ్చి ఉంది. గెన్యా చాలాసేపు తలెత్తలేదు.

ఎందుకిలా అని అడిగితే హెడ్డీ ఓపిగ్గా చెప్పింది. ఒంట్లోని ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా చూసే తోడు ప్రోటీన్లు ఉంటాయట. తాతముత్తాతల నుంచి వచ్చిన లోపాలను అవి బయటపడనివ్వవట. వేడికి పని ఎక్కువై అవి చేతులెత్తేస్తే, దాగి ఉన్న లోపం పైకొస్తుందట.

“అయితే లోపం ముందే ఉందంటావా అమ్మాయ్?”

“ముందే ఉందండీ. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ.”

“వేడి తగలకపోతే?”

హెడ్డీ తడబడింది. “బయటికి వచ్చేది కాదేమో. కానీ ఇవి ఈగలండీ. మనుషుల సంగతి నేను చెప్పలేను.”

బస్సులో ఇంటిదాకా ఆ మాటలే పెదాల మీద తిప్పుకుంది. ఊపిరితిత్తులు చెడి గడప దాటలేని జెనన్ ముందు బార్లీ సూపు పెట్టి, విన్నదంతా చెప్పింది. అతని చెంచా ఆగిపోయింది.

“అంటే, నా రక్తంలోనూ ఉందా?”

అతని కింది పెదవి వణకడం ఆమె ఎన్నడూ చూడలేదు. బిడ్డను పూడ్చిన రోజు కూడా చూడలేదు.

“ఈగల సంగతిలే అది,” అంది. “నువ్వన్నదే నిజం. లాండ్రీ వేడే.”

జెనన్ తలూపి సూపు తాగాడు.

తెల్లారి ఆమె లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఆ రోజు ఈగల మేత హెడ్డీయే వండుకుంది.

ఖననానికి మంచి గౌను కోసం జెనన్ బీరువా వెతికాడు. గౌను మడతల్లో పసిబిడ్డ ఉన్ని టోపీ దొరికింది. తొడిగిన జాడ లేదు. ఎడమవైపు అంచు మాత్రం కంటి మీదికి దిగేలా మరికొన్ని వరుసలు ఎక్కువ అల్లి ఉంది.