ఎదురు కుర్చీ

నేను ఒక కుర్చీని. మేనేజరు కూర్చునేదాన్ని కాదు. ఆయన బల్లకు ఇవతల, పిలిపించిన మనిషి కోసం వేసిపెట్టినదాన్ని. విజయనగరం దగ్గర ఒక గోనెసంచుల మిల్లులో పుట్టి, ముప్పై ఏళ్లు ఆ ఒక్క గదిలోనే ఉన్నాను. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో, తలుపు ఊడిన బీరువాకు ఆనుకుని ఉన్నాను. నా మీద కూర్చుని లేచినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ గది గడప తొక్కలేదు. వాళ్ల సంగతే చెబుతాను.

పాత మగ్గం ఒకటి పనికిరాదని పక్కన పడేస్తే, దాని టేకు దిమ్మెలతో మిల్లు వడ్రంగి నన్ను చేశాడు. కాళ్లు నాలుగూ సమంగా తీర్చి, నిండు గ్లాసు నీళ్లు నా మీద పెట్టి, తొణకలేదని చూసుకుని మరీ ఆఫీసులో అప్పజెప్పాడు. ఆ సమం మేనేజరు కేశవమూర్తికి నచ్చలేదు. వారం తిరక్కుండా వడ్రంగిని పిలిచి, ముందు కాళ్లు రెండూ అంగుళం మేర కోయించాడు. "వచ్చినవాడు చేరగిలబడకూడదు" అన్నాడు. అప్పటినుంచి నా మీద కూర్చున్నవాళ్లు ముందుకు జారిపోతూ, పాదాలు నేలకు తన్నిపెట్టి కూర్చునేవారు. అదంతా తమ భయమేననుకునేవారు, పాపం. అందులో ఒక అంగుళం నాది.

మనుషుల్ని పనిలోంచి తీసేయడానికి కేశవమూర్తికి శనివారం సాయంత్రం ఇష్టం. మర్నాడు సెలవు కాబట్టి ఏడుపులూ తిట్లూ ఇంటిదగ్గరే అయిపోతాయని ఆయన లెక్క. కవరు ఇస్తాడు, వేలిముద్ర వేయించుకుంటాడు, "ఇక వెళ్లొచ్చు" అంటాడు. రెండు నిమిషాలు దాటనిచ్చేవాడు కాదు.

అలాంటి ఒక శనివారం మజ్జి సింహాచలం వచ్చాడు. నేతలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి. అక్షరం ముక్క రాదు. కవరు చేతికి రాగానే జీతం పెంచారనుకున్నాడు. రెండు చేతులూ జోడించి, "తమ దయ బాబూ" అన్నాడు. కేశవమూర్తి కాదనలేదు. తల ఊపాడు, అంతే. ఆ కాగితంలో ఏముందో సింహాచలానికి గేటు దగ్గర కాపలావాడు చదివి చెప్పాడట. షిఫ్టు వదిలేదాకా ఆ మనిషి రోడ్డు మధ్యలో కూర్చుండిపోయాడని, లారీలు చుట్టూ తిరిగి వెళ్లాయని తర్వాత ఆఫీసులో చెప్పుకోగా విన్నాను.

సోమవారం మగ్గాలు కదల్లేదు. పంతొమ్మిది రోజులు సమ్మె. కిటికీ అద్దాలు పగిలాయి. ఒక రాయి వచ్చి నా వీపు పట్టీని విరగ్గొట్టింది. కేశవమూర్తిని పైవాళ్లు వేరే ఊరికి మార్చారు. సింహాచలానికి మాత్రం పని తిరిగి రాలేదు. సైరను మోగే వేళకు రోజూ వచ్చి గేటు అవతల నిలబడేవాడు. కొన్ని నెలలకు అదీ మానేశాడు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆ బల్ల వెనక్కి మేనేజరుగా పొన్నాడ హైమావతి వచ్చింది. శ్రీకాకుళం మనిషి. ఎవరు వచ్చినా ముందు పేరు కనుక్కుని, తర్వాతే కూర్చోమనేది. ఆవిడ వచ్చేనాటికే ప్లాస్టిక్ సంచులు మా సంచుల్ని వెనక్కి నెట్టేశాయి. నాలుగో వరస మగ్గాలు ఆపేయాలని హైదరాబాదు పెద్దాఫీసులో నిర్ణయమైంది. ముప్పై ఒక్కమందిని తీసేయాలి.

"పేర్లు నోటీసు బోర్డుకి అంటించేసి, ఆ రోజు మీరు సెలవు పెట్టండి" అంది ఫోనులో పైఅధికారి గొంతు.

"అంటించను సార్. ఒక్కొక్కరికీ నేనే చెబుతాను."

"మీద పడితే?"

"చెప్పకపోతే ఏమవుతుందో ఈ మిల్లు ఒకసారి చూసింది."

"ఏం జరిగినా బాధ్యత మీది."

"సరే" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

మంగళవారం పొద్దున్నే పిలవడం మొదలుపెట్టింది. సంచుల కుట్టుపని చేసే పైడితల్లి ముందుగా వచ్చింది. కూర్చోగానే జారి, "ఈ కుర్చీ తోసేత్తందమ్మా" అని బిడియంగా నవ్వింది. హైమావతి లేచి, వంగి నా కాళ్లు చూసింది. గోనెగుడ్డ ముక్కలు మడిచి తన చేత్తోనే ముందు కాళ్ల కింద పెట్టింది. ఇన్నేళ్లకు నేను సమంగా నిలబడ్డాను. ఆ తర్వాతే వెళ్లి కూర్చుని, ఉద్యోగం పోతోందన్న మాట చెప్పింది. పైడితల్లి నవ్వు అలాగే ఆగిపోయింది. "ఇంత సక్కగా కూకోబెట్టి, ఇదా నువ్వు సెప్పిన మాట?" అని ఏడ్చింది, శాపనార్థాలు పెట్టింది. పైడితల్లి తనంతట తాను లేచేదాకా హైమావతి ఎదురుగానే కూర్చుంది.

నాలుగో మనిషిని పిలవబోతుంటే, ఆఫీసులో టీ ఇచ్చే సూరమ్మ లోపలికి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, బయటున్నది ఎర్రునాయుడు. ఎనకటి సింహాచలం తమ్ముడు. మొల్లో కత్తుంది. కాపలావోడిని పిలమంతారా?"

"వద్దు. తలుపు తీసే ఉంచు."

ఎర్రునాయుడు వచ్చాడు. కూర్చోమన్నా కాసేపు నిలబడే ఉన్నాడు. కూర్చున్నాక నా చేతుల్ని ఎంత బిగించి పట్టుకున్నాడంటే కీళ్లు కిర్రుమన్నాయి. నార కోసే వంకీ కత్తి పిడి అతని చొక్కా కిందనుంచి పొడుచుకొచ్చి నాకు తగులుతోంది. హైమావతీ చూసింది. చూపు మాత్రం అక్కడ నిలపలేదు.

"ఎర్రునాయుడు గారూ, చెడ్డమాట చెప్పడానికే పిలిచాను. ఈ నెలాఖరుతో మీ ఉద్యోగం పోతోంది."

కింద మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. అతను తల తిప్పి ఆ చప్పుడు వైపే చూశాడు. ఇలాంటప్పుడు బల్ల అవతలివాళ్లు నిశ్శబ్దాన్ని ఏదో ఒక మాటతో పూడ్చేయాలని తొందరపడతారు. ఆవిడ ఆ తొందరను పంటి బిగువున ఆపుకుంది. బల్ల కింద ఆవిడ రెండు పాదాలూ నేలకు తన్నిపెట్టి ఉన్నాయి. అది కనిపించేది నాకొక్కదానికే.

"పేర్లు ఎవులు రాసినారు?"

"నేనే."

"పైవోలు రాయమంతే రాసినారా?"

"మగ్గాలు ఆపమన్నది వాళ్లు. ఎవరెవరన్నది నేను రాశాను."

అతను ముందుకు వంగాడు. కత్తి పిడి నా కర్రకు ఒరుసుకుంది. "నా పన్లో తప్పేటి?"

"ఏ తప్పూ లేదు. మీ వరస ఆగిపోతోంది, అందుకే. మిమ్మల్ని వేరే వరసలోకి మార్చాలని చూశాను. కుదరలేదు."

"ఊర్లో అలాగనుకోరు. దొంగతనం సేసి పోనాడంతారు. మా అన్ననీ అదే అన్నారు. ఇదే గదిలో మా అన్నకి ఒక్క ముక్క సెప్పినోడే నేకపోనాడు."

"తెలుసు" అంది హైమావతి. "మీకు నేనేం చేయాలో చెప్పండి."

అతను నా చేతులు వదిలాడు. "తప్పు నేదని రాసియ్యండి. తెలుగులో. కింద సంతకం పెట్టి."

రాసింది. "చదివి వినిపించనా?" అని అడిగింది.

"వొద్దు. ఇలాగియ్యండి."

అన్నకు అలా జరిగాక ఎర్రునాయుడు వయోజనుల బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్నాడట. కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలు కింద ఆనిస్తూ, ఒత్తుల దగ్గర ఆగి వెనక్కి వెళ్తూ, పెదవులతో కూడబలుక్కున్నాడు. మధ్యలో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది. ఆవిడ ఎత్తలేదు. ఆ నాలుగు వాక్యాలు పూర్తయ్యేసరికి గుమ్మంలో సూరమ్మ పట్టుకున్న టీ చల్లారిపోయింది.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. చెయ్యి మొలలోకి వెళ్లింది. గుమ్మంలో ఉన్న సూరమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. ఎర్రునాయుడు కత్తి తీసి, పిడి హైమావతి వైపు ఉండేలా బల్ల మీద పెట్టాడు.

"ఇది మిల్లుది. ఇప్పుడే ఇచ్చీవాలేటో, నాకు తెల్దు."

హైమావతి దాన్ని ముట్టుకోలేదు. "నెలాఖరుదాకా పని మీదే కదా. ఉంచుకోండి" అంది.

అతను కత్తిని తీసుకుని మళ్లీ మొలలో దోపుకున్నాడు.

ముప్పై ఒక్కమందికీ చెప్పేసరికి మూడు రోజులు పట్టింది. ఒక్క రాయీ పడలేదు. అలాగని అంతా చక్కబడిందని చెప్పను. ఎంత మంచిగా చెప్పినా పోయిన పని పోయినట్టే. ఎర్రునాయుడికి బొబ్బిలిలో ఒక బియ్యం మిల్లులో యంత్రాలు బాగుచేసే పని దొరికింది. అతను చూపించిన కాగితం చదివి, ఆ మిల్లువాళ్లు హైమావతికి ఫోను చేసి కనుక్కున్నారు. పైడితల్లికి చాలాకాలం ఏమీ దొరకలేదు. దారిలో ఎదురైనా హైమావతితో మాట్లాడేది కాదు.

ఆ తర్వాత మూడో ఏడు, ఒక మధ్యాహ్నం, హైమావతి సెల్‌ఫోనుకు హైదరాబాదునుంచి సందేశం వచ్చింది. మూడే ముక్కలు. మిల్లు మూసేస్తున్నారు, ఆవిడ ఉద్యోగం ఆ రోజుతో సరి. తాళాలు కాపలాదారుకు అప్పజెప్పమన్నారు. ఆవిడ తిరిగి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, మొదటిసారి నా మీద కూర్చుంది. ఎదురుగా మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది.

సూరమ్మ టీ పట్టుకుని వచ్చి, ఆవిణ్ని ఆ కుర్చీలో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. వెళ్లబోయి వెళ్లలేదు. పమిటతో చేతులు తుడుచుకుని, ఎన్నడూ కూర్చోని ఆ మేనేజరు కుర్చీ అంచున కూర్చుంది.

"ఏటైందమ్మా? సెప్పండి, నాను ఇంటాను" అంది.