జలపాతం దగ్గర బేరం

శ్రావణంలో ఒక మధ్యాహ్నం జ్యోతిర్మయి గుంటూరు యార్డులోని మా మిర్చి కొట్టుకి వచ్చింది. నా స్నేహితుడు చైతన్యకృష్ణ భార్య. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అన్నయ్యా, నిరుడు మిగిలిన పురుగుమందు డబ్బా ఆయన పారేయనివ్వడం లేదు. నేను దాస్తే వెతికి తెచ్చి మంచం కింద పెట్టుకుంటున్నాడు. పొలం కూడా దున్నలేదు" అంది.

వాడి పత్తిని రెండేళ్లు వరసగా పచ్చపురుగు తినేసింది. ఆ రెండేళ్లూ చాలామందికి పంట పోయింది. పోయినదాన్ని నష్టం కింద రాసుకుని ముందుకు నడిచినవాళ్లున్నారు. వీడు తననే నష్టం కింద రాసేసుకున్నట్టున్నాడు.

అడగని సలహాకి విలువ కట్టేవాడు ఉండడు. అందుకే ఏమీ చెప్పకుండా, చైతన్యని కాలేజీ రోజుల్లోలాగా కొండలకి పోదాం రమ్మన్నాను. అద్దంకిలో మెకానిక్ షెడ్డు నడిపే బుడాన్ కూడా కలిశాడు. హాస్టల్లో ముగ్గురిదీ ఒకటే గది. కనిగిరిలో బస్సు మారి భైరవకోన చేరి, గుళ్ల దగ్గర పడుకుని, తెల్లవారగానే వీపుకి సంచులు తగిలించుకుని వాగు వెంట పైకి నడిచాం.

"ఒరేయ్ షావుకారూ, సంచీ మోస్తున్నావా, నలభై కిలోల మిర్చి టిక్కీ మోస్తున్నావా? హమాలీని పిలవనా?" అన్నాడు బుడాన్.

"నీ షెడ్డులో జాకీ ఉందిగా, తెచ్చి నన్ను లేపాల్సింది" అన్నాను.

చైతన్య నవ్వలేదు. కానీ నడుస్తున్నాడు.

మా ఊళ్లలో నేలంతా బల్లపరుపు. చూపు ఎంత దూరం పోయినా తగిలేది ఉండదు. ఇక్కడ అడుగడుక్కీ ఏదో ఒకటి చూపుని పట్టుకునేది. తడిసిన రాయి, నాచు, ఆకు చివర జారబోతూ ఆగిన బొట్టు. ఎండ కూడా ఆకుపచ్చగా దిగుతోంది. కాసేపటికి మేం నడుస్తున్నామో, వాగే మమ్మల్ని పైకి తీసుకుపోతోందో తెలియకుండా పోయింది.

మొదటి జలపాతం సన్నది. ఎవరో పైన కూర్చుని దూదిని పింజలు పింజలుగా విప్పి వదులుతున్నట్టుంది.

"ఈ దూదికి పురుగు పట్టదురా" అన్నాడు చైతన్య. పొద్దుటినుంచీ వాడన్న మాట అదొక్కటే.

పెద్దది కనబడకముందే వినబడింది. చెట్లు తప్పుకోగానే కొండంత తెలుపు. గాలి నిండా నీటిపొడి, అందులో ఇంద్రధనుస్సు ముక్కొకటి తేలుతోంది. బుడాన్ చొక్కా విప్పేసి గట్టు పక్కన నీళ్లలోకి దిగాడు. ఏదో పాడుతున్నాడు, నోరు కదలడమే తప్ప పాట రాలేదు. అంత హోరు.

చైతన్య సంచీ దించి, రాళ్ల మీదుగా మడుగు చివరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడ నీళ్లు నల్లగా ఉన్నాయి. పిలిచాను. నా గొంతు నాకే వినబడలేదు. మెల్లగా వెళ్లి పక్కన నిలబడ్డాను. గుంటూరునుంచీ కూడబెట్టుకొచ్చిన మాటల్లో ఒక్కటీ ఇక్కడ చెల్లదు.

మా వైపు గొడ్ల సంతలో ధర నోటితో చెప్పుకోరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, అవతలివాడి వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. బేరం వద్దనుకున్నవాడు చెయ్యి లాగేసుకుంటాడు.

భుజం మీది తువ్వాలు తీసి వాడి చేతి మీద కప్పాను. ఏం సరుకన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. వాడి రొమ్ము మీద వేలు పెట్టాను. తర్వాత విత్తనం చల్లుతున్నట్టు చెయ్యి ఆడించి, తువ్వాలు కింద వాడి ఐదు వేళ్లూ పట్టుకున్నాను. ఐదు పంటలు చూసేదాకా వాడు ఉండాలని.

వాడి చెయ్యి రాయిలా చల్లగా ఉంది. మడుగు వైపే చూస్తున్నాడు. నేను వదల్లేదు.

చాలాసేపటికి నా చిటికెన వేలు పట్టుకున్నాడు. ఒక్కటి.

ధర పలికినవాడు బేరంలోకి దిగినట్టే. ఒక్క పంటకి ఒప్పుకోనని తల అడ్డంగా ఊపి, నాలుగు వేళ్లు పట్టాను. వాడు రెండు పట్టాడు. మళ్లీ నాలుగే పట్టాను. వాడి పెదవి ఒక పక్కకి వంగింది. తడిసిన తువ్వాలు కింద మూడు వేళ్లు గట్టిగా, నొప్పి పుట్టేలా పట్టి ఊపాడు. ఊపితే బేరం కుదిరినట్టు.

దిగుతుంటే హోరు వెనకబడి మాటలు మళ్లీ వినబడసాగాయి.

"ఏందిరా, అక్కడ ఎద్దుల బేరం పెట్టారా?" అన్నాడు బుడాన్.

"వీడితో బేరమంటే మాటలా? చెయ్యి వాచిపోయింది" అన్నాడు చైతన్య.

"ఎంతకి తెగింది?"

"నీకెందుకురా. నువ్వు మధ్యలో దళారీ కమీషను తినాలనా?"

ముందు చైతన్యే నడుస్తున్నాడు. దారి వంపులో ఆగి, మేం వచ్చేదాకా ఉన్నాడు.

"మన వైపు వాన పడి ఉంటుందంటావా?" అని నన్ను అడిగాడు.

"పడే ఉంటుంది" అన్నాను, ఆకాశం వైపు చూడకుండానే.