పుచ్చకాయల లారీ మీద ఎస్తేరత్త

కృష్ణా నది ఇసుకలో ఆగిన లారీ మీద ఎస్తేరత్త నిలబడి ఉంది, కింద నేనున్నాను, నా చేతులకు భారత ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు గ్లౌజులున్నాయి, అవి ఇక్కడెందుకున్నాయని నేను గానీ అత్త గానీ అనుకోవడం లేదు. పాదుల దగ్గర్నుంచి లారీ దాకా మనుషులు వరసగా నిలబడి ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి పుచ్చకాయలు విసురుతున్నారు, ఆ వరసలో ఎవరి ముఖమూ తేటగా లేదు, కాయలు మాత్రం ఒక్కొక్కటీ మంచుకు తడిసి నిగనిగలాడుతూ గాలిలో తేలి వస్తున్నాయి. మా నాన్నకు అక్క ఎస్తేరత్త. ఆమె పోయిందని నాకు కలలోనూ తెలుసు. తెలిసినా, చెంగు బొడ్లో దోపుకుని నిలబడ్డ ఆ తీరు చూస్తే అడగబుద్ధి కావడం లేదు.

"ఏమే సలోమీ, చూస్తా నిలబడ్డావు? అందుకో."

అందుకుంటున్నాను. బడి సెలవుల్లో ఆమె నేర్పినట్టే, కాయ చేతికి తగలగానే చేతులు వెనక్కి లాక్కుని, చంటిబిడ్డను తీసుకున్నట్టు పొట్టలోకి తీసుకుంటున్నాను. నేను కీపర్‌నయింది ఆ చేతులతోనే.

"టీవీలో నీ ఆట చూశాలే" అంటోంది అత్త.

"ఎప్పుడత్తా?"

"పోకముందే. పేటంతా వచ్చి కూచున్నారు. ఏదీ, బంతి ఎంతసేపూ అవతలోళ్ళ గోలు దగ్గరేనాయె! నువ్వు కనపడితేగా? విసుగొచ్చి, ప్రభువా, ఒక్కసారి ఆళ్ళకి బంతియ్యి, మా పిల్ల మొహం చూసుకుంటానని ప్రార్థన చేశా."

"దేశద్రోహం కదత్తా అది!"

"అయితే అయింది. కనపడ్డావుగా."

నవ్వుతున్నాను, నవ్వుతుండగానే కాళ్ళ కింది ఇసుక పచ్చగడ్డి అవుతోంది, లారీ బాడీ అంచులు తెల్లటి గోల్‌పోస్టులవుతున్నాయి, వరసలో మనుషులంతా నా మీదికి ముసురుకుంటున్నారు, ఎక్కడినుంచో ఒక కాయ చాలా ఎత్తుకు లేచి దిగుతోంది. చేతులు చాస్తున్నాను. ఎవరిదో భుజం తగిలి, కాయ జారి నా వెనక పడుతోంది. పగిలిన చప్పుడు రావడం లేదు, స్టేడియం అంతా ఒక్కసారి అరిచిన చప్పుడు వస్తోంది.

"పోయిన మ్యాచ్‌లో ఇట్లాగే వదిలేశానత్తా" అంటున్నాను. "అంతమంది మీద పడుతుంటే పట్టుకోకూడదు, పిడికిలితో కొట్టి దూరంగా పంపాలంటారు మా కోచ్ గారు. ఎంత నేర్పినా, బంతి దగ్గరకొచ్చేసరికి నా పిడికిలి విచ్చుకుంటోంది. ఇవాళ్టి మ్యాచ్‌లో కూడా పట్టుకోబోతే, ఇక గోల్లో నిలబెట్టనని చెప్పేశారు."

"కొట్టడానికేం? చేతులు లేవా?"

"నువ్వేగా అన్నావు, చేతికొచ్చినదాన్ని కొట్టకూడదని!"

అత్త లారీ అంచున కూర్చుని కాళ్ళు వేలాడేస్తోంది, ఆ కాళ్ళు పొడుగవుతూ వచ్చి నీళ్ళలో ఆగుతున్నాయి, అక్కడ ఇందాక నీళ్ళు లేవు.

"పిచ్చిమొహమా, అది కాయకి చెప్పిన మాట. దాని కడుపునిండా నీళ్ళు, ఊరికే పగులుద్ది. బంతిలో ఏముంటదే?"

"గాలి."

"గాలికి ఇంత మర్యాదేంటే నీకు?"

"నిన్నడక్కుండా ఎట్లా మార్చుకునేది అత్తా? అడుగుదామంటే నువ్వు లేవు."

"ఇప్పుడడిగావుగా. అయిపోయింది. కొట్టు."

ఆమె విసురుతోంది. అది వస్తోంది, వస్తూ పెద్దదవుతోంది, ఆకాశాన్ని మూసేస్తోంది, దాని లోపల నీళ్ళు కదులుతున్న చప్పుడు నాకు వినపడుతోంది.

"నీళ్ళున్నాయత్తా ఇందులో!"

"కొట్టవే సలోమీ!"

తెల్లవారింది. జట్టు దిగిన హోటల్ గది కిటికీలో ఎండ ఉంది. నా గది పంచుకునే డిఫెండరు, మణిపూర్ అమ్మాయి సనతోంబి, బూట్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి నన్ను వింతగా చూస్తోంది.

"ఎంత పిలిచినా లేవకపోతే దిండు విసిరాను" అంది హిందీలో. "అంత కోపమైతే నోటితో తిట్టొచ్చు కదా?"

దిండు నా మంచం మీద లేదు. ఆమె మంచాన్ని కూడా దాటి, అవతలి గోడ మూలన పడి ఉంది. నా కుడి చెయ్యి ఇంకా తల పైకి చాచే ఉంది. పిడికిలి బిగిసి ఉంది, కోచ్ గారు నేర్పినట్టే, బొటనవేలు బయటికి.