ఎదురింటి తీరిక

చేపలకు ఉప్పు పట్టించి రుద్దుతూ సుకుమారి వంటింటి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురు ఫ్లాట్ బాల్కనీలో నిరోష కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ ఆత్మకూరులో ఒకే బడి టీచర్లు. ఇందాక ఒకే ఆటోలో దిగారు.

పోయిన నెల నుంచి అపార్ట్‌మెంట్ వాళ్లంతా కింద పార్కింగ్ పక్క గదిలో ఉమ్మడి వంట పెట్టుకున్నారు. చెంచులక్ష్మి వండుతుంది, అందరూ దిగిపోయి తినొస్తారు. సుకుమారి ఇల్లొక్కటే చేరలేదు.

"నీ చేతి కూర లేకపోతే నాకు ముద్ద దిగదు," అన్నాడప్పుడు భర్త సైమన్. ఆరోజు ఆ మాటకు మురిసిపోయింది కూడా. "అయ్యన్నీ వండలేని ఆడోళ్లకమ్మా," అంది అత్త లిదియమ్మ.

నిరోష అందాన్ని చూసి ఎన్నడూ కుళ్లుకోలేదు సుకుమారి. నగలు చూసీ కుళ్లుకోలేదు. ఆ చాపిన కాళ్లను చూస్తే మాత్రం కడుపు భగ్గుమంటుంది. చెంచులక్ష్మి పని మానేసి పోతే బాగుండు, అప్పుడు తెలిసొస్తుంది మహాతల్లికి అనుకుంటుంది. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నా ఆ కాళ్లే. సిగ్గేస్తుంది. సిగ్గుపడినా మంట చల్లారదు.

పులుసు దించేసరికి సైమన్ వచ్చాడు. చేపలు తెచ్చి పడేసి, కింద మీటింగని పోయిన మనిషి.

"వడ్డించమంటారా?"

"వద్దులే. కిందనే తినేసినా. చింతచిగురు పప్పు భలే ఉండాది! పులుసు రేపటికైతే ఇంకా బాగుంటుంది."

సుకుమారి అతని ముఖంలోకి చూసింది. ముద్ద బాగానే దిగినట్టుంది. చేతులు కడుక్కుంది. ఎంత రుద్దినా నీచు వాసన పోలేదు. చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"అన్నానికి. అత్తమ్మకు మీరు వడ్డించండి."

"నేనా?" అంటున్నాడు. ఆమె మెట్లు దిగేసింది.

కింద నిరోష నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ నవ్వు చూసి సుకుమారికి మళ్లీ చివుక్కుమంది, అయినా కూర్చుంది. రెండు ముద్దలు తిన్నదో లేదో, చెంచులక్ష్మి గరిటె పట్టుకుని దగ్గరికొచ్చింది.

"ఇంకొంచెం వెయ్యమంటారా టీచరమ్మా?"

పెళ్లయినాక ఆ మాట తను అందరినీ అడిగింది గానీ, తననెవరూ అడగలేదు. కంచం ముందుకు జరిపింది.

"వెయ్యక్కా. రేపట్నించి మా ముగ్గురికీ కలిపి వండు."