కుండలో చెయ్యి పెట్టకుండా

తనతో పాటు పరీక్ష రాసిన ప్రభుదాస్ ఫోన్ పెట్టేశాక మొగిలి మంచం మీది నుంచి లేవలేదు. వరంగల్లో ఉద్యోగాలకు సర్టిఫికెట్ల పరిశీలన నిన్ననే అయిపోయిందట. చూపు లేనివాళ్ల కోటాలో మొగిలి పేరు పిలిచి, పలకకపోతే జాబితాలో తర్వాతివాడిని పిలిచారట. ఎందుకు రాలేదురా అని అడిగాడు ప్రభుదాస్. మొగిలి రోజూ పొద్దున్నే ఆ ఉద్యోగాల సైటులో నోటీసుల పేజీ తెరిచి విన్నాడు. రోజూ అది "ప్రస్తుతం నోటీసులేమీ లేవు" అనే చెప్పింది.

అలా వినిపించింది తమ్ముడు సంతోష్ రాసిన బ్రౌజరు. తొర్రూరులో కంప్యూటర్ల కొట్టు నడిపే సంతోష్ అన్న కోసమే దాన్ని తయారుచేశాడు. బొమ్మలుండవు, మధ్యలో దూరే యాడ్లుండవు. ఉత్త అక్షరాలే, కంప్యూటరు వాటిని చదివి వినిపిస్తుంది. పేజీ వెనక నడిచే చిన్న ప్రోగ్రాములను, స్క్రిప్టులంటారే వాటన్నిటినీ, అందులో ఆపేశాడు.

సాయంత్రం సంతోష్ ఇంటికొచ్చి, తన మామూలు బ్రౌజర్లో అదే పేజీ తెరిచాడు. పరిశీలన తేదీ వారం కిందటే పెట్టి ఉంది. లోపలంతా వెతికి, గొంతు తగ్గించి చెప్పాడు. ఆ పేజీలో ముందుగానే నోటీసులు లేవని రాసి పెట్టారట. స్క్రిప్టు నడిస్తే ఆ మాట పోయి తేదీలు వస్తాయట. నడవకపోతే ఆ మాటే మిగులుతుందట.

"తప్పు ఆ సైటోళ్లదే అన్న. చూడకముందే లేవని రాసుడేంది?"

"స్క్రిప్టు కావాలని ఆ పేజీ ఎక్కడా చెప్పలేదా?"

 చెప్పిందని సంతోష్ ఒప్పుకున్నాడు. ప్రతి పేజీలోనూ అదే వాక్యం చదువుతుంటే అన్నకు విసుగొస్తుందని, దాన్ని వినబడకుండా తనే తీసేశాడు.

మొగిలి కర్రను నేలకేసి కొట్టాడు.

"సైటోడెవడో నాకు తెల్వదు. నేను నిన్ను నమ్మిన. నాకు ఇసుగొస్తదని నీకెవరు చెప్పిన్రు? ఒక్కపారి నన్నడిగినవా?"

దీపం పెడుతున్న తల్లి వీరమ్మ, దేవుని దయ ఉంటే ఇంకో దారి దొరకదా బిడ్డా అంది.

"దేవుడు దయ సూపి తేదీ పెట్టించిండు అవ్వ. నీ చిన్నకొడుకే దాచిండు."

వీరమ్మ వత్తి సర్ది చిన్నవాడి వైపు తిరిగింది. గడపలోకి ఎవరొచ్చి గుప్పెడు బియ్యం అడిగినా లోపలికి పోయి చూసి రావడమే తప్ప, కూర్చున్న చోటి నుంచే లేదని చెప్పడం ఆమె ఇంట్లో లేదు.

"కుండల చెయ్యి పెట్టకుండ లేదనొద్దని చెప్పి పెంచిన గదరా. అన్నకే గట్ల చెప్తివా?"

సంతోష్ అన్నం తినకుండానే కూర్చుని బ్రౌజరును మార్చాడు. మళ్లీ ఆ పేజీ తెరిస్తే మొదటి మాటే వేరుగా వచ్చింది: "ఈ పేజీలో కొంత స్క్రిప్టుతో వస్తుంది. నేను దాన్ని నడపలేదు. అక్కడ ఏముందో నాకు తెలియదు. కింద ఉన్నది మొత్తం కాకపోవచ్చు."

మొగిలి మళ్లీ పెట్టమని విన్నాడు. కోపం తగ్గలేదు.

"గీ మాట ముందుగాల్నే చెప్తే నిన్న నేను వరంగల్ల ఉండేటోన్ని."

తెల్లారి ఇస్త్రీ అంగీ వేసుకుని, సర్టిఫికెట్ల సంచి భుజానికి తగిలించుకుని, వరంగల్ బస్సెక్కించమన్నాడు. అయిపోయింది పొమ్మంటారేమో అని సంతోష్ నసిగాడు.

"అననియ్. గని కుర్చీలకెల్లి లేవకుంట అంటే ఊకోను. ఫైలు తీసి చూసినంకనే లేదనాలె. నడువు."